పీటెన్ ఐదో వంతు తగ్గితే చాలు: క్యాన్సర్ సిగ్నలింగ్‌లో నాన్‌కోడింగ్ ఆర్‌ఎన్‌ఏల లెక్కలు

కణితులను అడ్డుకునే పీటెన్ ప్రొటీన్ మామూలు మోతాదులో 80 శాతానికి పడిపోతే చాలు, ఎలుకలకు కణితులు మొదలవుతాయి. 2010లో వచ్చిన ఫలితం ఇది. ఆ ఎలుకల్లో ప్రొటీన్‌ను రాసే అక్షరాలు ఒక్కటీ మారలేదు. తగ్గింది మోతాదు, అదీ ఐదో వంతు మాత్రమే. ఆడ ఎలుకల్లో అన్నిటికంటే ఎక్కువగా కనిపించినవి రొమ్ము కణితులు.

నాన్‌కోడింగ్ ఆర్‌ఎన్‌ఏల గురించి, అంటే ప్రొటీన్‌ను రాయని ఆర్‌ఎన్‌ఏల గురించి, ఎవరు అడిగినా నేను ఇక్కడి నుంచే మొదలుపెడతాను. ఎందుకంటే వీటి పని దాదాపు అంతా ఈ కొలతలోనే ఉంటుంది. వీటిలో చిన్న రకమైన మైక్రో ఆర్‌ఎన్‌ఏ తన లక్ష్యాన్ని, అంటే తాను తగ్గించే జన్యువును, పూర్తిగా ఆపేయడం అరుదు. 2008లో వేల ప్రొటీన్లను ఒకేసారి కొలిచి చూసినప్పుడు, ఒక్కో మైక్రో ఆర్‌ఎన్‌ఏ వల్ల ఒక్కో ప్రొటీన్ తగ్గేది చాలావరకు రెండు రెట్ల లోపే అని తేలింది. "ఇంతేనా" అని పెదవి విరిచినవాళ్లున్నారు. పీటెన్ లాంటి ప్రొటీన్ విషయంలో ఆ "ఇంతే" చాలా ఎక్కువ.

మైక్రో ఆర్‌ఎన్‌ఏ తయారీ క్లుప్తంగా: కేంద్రకంలో పొడవాటి ఆర్‌ఎన్‌ఏ నుంచి డ్రోషా ఎంజైమ్ ఒక జడపిన్ను ఆకారాన్ని కత్తిరిస్తుంది. ఎక్స్‌పోర్టిన్-5 దాన్ని బయటికి చేరవేస్తుంది. అక్కడ డైసర్ మళ్లీ కత్తిరిస్తుంది. మిగిలిన సుమారు 22 అక్షరాల ముక్క ఆర్గోనాట్ ప్రొటీన్‌లో కూర్చుంటుంది. లక్ష్యాన్ని ప్రధానంగా ఎంచుకునేది 2 నుంచి 8 వరకు ఉన్న అక్షరాలు, అంటే సీడ్. ఈ ఏడు అక్షరాలు, ప్రొటీన్ తయారీకి కబురు మోసే ఎమ్ఆర్‌ఎన్‌ఏ తోకలో, అంటే 3 ప్రైమ్ యూటీఆర్‌లో ఎక్కడ జత కుదిరినా అక్కడ పట్టు దొరుకుతుంది. ఏడు అక్షరాలే కాబట్టి ఒక మైక్రో ఆర్‌ఎన్‌ఏకి వందల లక్ష్యాలుంటాయి. ఈ వందల సంఖ్యను గుర్తుంచుకోండి, కింద స్పంజీల దగ్గర పనికొస్తుంది.

ఇప్పుడు మిర్-21 అనే మైక్రో ఆర్‌ఎన్‌ఏ, పీటెన్‌ల జోడీని దగ్గర్నుంచి చూద్దాం. కణం పైపొరలో పిప్3 అనే కొవ్వు అణువు ఉంటుంది. చెరువులో నీటిమట్టం అనుకోండి. పీఐ3కే ఎంజైమ్ నీళ్లు నింపే వాగు, పీటెన్ నీళ్లు వదిలే తూము. నీటిమట్టం పెరిగితే ఏకేటీ అనే ఎంజైమ్ వచ్చి పొరకు అంటుకుంటుంది. పీడీకే1 దాని థ్రియోనిన్ 308 దగ్గర, ఎమ్‌టార్ కాంప్లెక్స్-2 దాని సెరీన్ 473 దగ్గర ఫాస్ఫేట్ తగిలిస్తాయి. అప్పుడు ఏకేటీ పూర్తిగా మేల్కొంటుంది. కణం పెరుగుతుంది, చావును వాయిదా వేస్తుంది. ఇక్కడ తూమును మూసేయనక్కర్లేదు. కాస్త సన్నం చేస్తే వాగు ఎప్పటిలాగే పారుతున్నా మట్టం కొత్త ఎత్తులో నిలబడుతుంది. మిర్-21 చేసేది అదే. పైగా అది పీటెన్ ఒక్కదాని జోలికే పోదు. రాస్-ఈఆర్‌కే దారికి బ్రేకులు వేసే స్ప్రౌటీ ప్రొటీన్లనూ, కణితిని అడ్డుకునే పీడీసీడీ4నూ తగ్గిస్తుంది. ఒక్కో చోట కొంచెమే, కానీ అన్నీ ఒకే దిక్కుకు. మిర్-21ను ఇష్టం వచ్చినప్పుడు పెంచి, ఆపగలిగే ఎలుకల్ని 2010లో తయారుచేశారు. పెంచితే లింఫోమా వచ్చింది, ఆపితే కణితులు కరిగిపోయాయి. ఒక్క మైక్రో ఆర్‌ఎన్‌ఏ మీద కణితి ఇంతగా ఆధారపడగలదనడానికి ఇంతకంటే శుభ్రమైన రుజువు నాకు తెలిసి తక్కువే.

కణితులు దీన్ని అటు నుంచీ వాడుకుంటాయి. లెట్-7 అనే మైక్రో ఆర్‌ఎన్‌ఏ, కణాన్ని పెంచే రాస్ జన్యువుల తోకల మీద కూర్చుని వాటిని అదుపులో పెడుతుంది, ఊపిరితిత్తుల కణితుల్లో లెట్-7 తరచూ తగ్గి ఉంటుంది. ఇంకా తెలివైన దారి మరొకటుంది. మైక్రో ఆర్‌ఎన్‌ఏని ముట్టుకోకుండా తోకనే కత్తిరించుకోవడం. హెచ్ఎంజీఏ2 జన్యువు క్రోమోజోమ్ విరిగి వేరే చోట అతుక్కున్నప్పుడు తన లెట్-7 సైట్లను పోగొట్టుకుంటుంది. అంతటితో పగ్గం తెగినట్టే. క్రోమోజోమ్ విరగకుండా కూడా ఈ పని జరుగుతుందని 2009లో చూపించారు. ఎమ్ఆర్‌ఎన్‌ఏని ముందే ముగించి పొట్టి తోకతో తయారుచేస్తే మైక్రో ఆర్‌ఎన్‌ఏకి కూర్చునే చోటే ఉండదు. ఆచరణలో దీనర్థం ఏమిటంటే, డేటాబేస్‌లోని పొడవైన తోకలో సైట్ కనిపించినంత మాత్రాన మీ కణాల్లో ఆ సైట్ ఉందని కాదు. 3 ప్రైమ్ కొసను సీక్వెన్స్ చేసి చూసుకోవాలి. ఈ ఒక్క పని చేయకుండా నెలల తరబడి రిపోర్టర్ పరీక్షలు చేసేవాళ్లు చాలామంది.

సిగ్నల్ కూడా మైక్రో ఆర్‌ఎన్‌ఏల మీద స్వారీ చేస్తుంది. ఈ దిక్కు గురించి తక్కువ రాస్తారు గానీ ప్రయోగాలను చెడగొట్టేది ఎక్కువగా ఇదే. టీజీఎఫ్-బీటా అనే సిగ్నల్ ప్రొటీన్ తగిలితే స్మాడ్ ప్రొటీన్లు డ్రోషా బృందంతో కలిసి మిర్-21 తయారీని వేగం చేస్తాయి. జన్యువు చదవడం పెరగకపోయినా పక్వమైన మిర్-21 పెరుగుతుంది. ఆక్సిజన్ తక్కువైనప్పుడు ఈజీఎఫ్ఆర్ అనే పెరుగుదల గ్రాహకం వెళ్లి ఆర్గోనాట్-2 మీద టైరోసిన్ 393 దగ్గర ఫాస్ఫేట్ తగిలిస్తుంది. దాంతో ఆర్గోనాట్, డైసర్‌ల పొత్తు సడలి కొన్ని మైక్రో ఆర్‌ఎన్‌ఏల పక్వత తగ్గుతుంది. ఇక యాప్ ప్రొటీన్ సంగతి. కణాలు పలచగా ఉన్నప్పుడు అది కేంద్రకంలోకి చేరి, డ్రోషాకు సాయపడే పీ72ను తన దగ్గర పట్టి ఉంచుతుంది. కణాలు దట్టంగా పెరిగితే యాప్ బయటికి పోతుంది, పీ72కు విడుదల. అంటే ప్లేటులో కణాలు 40 శాతం నిండాయా 90 శాతం నిండాయా అన్నదాన్ని బట్టే మీ మైక్రో ఆర్‌ఎన్‌ఏల మట్టం మారుతుంది. మందు వేసిన బావిలో (ప్లేటులోని చిన్న గుంటలో) కణాలు తక్కువ పెరిగి, వేయని బావిలో కిక్కిరిసి ఉంటే, మీరు కొలిచినది మందు ప్రభావమా రద్దీ ప్రభావమా? ఆర్‌ఎన్‌ఏ తీసే రోజుకు రెండు బావులూ ఒకే నిండుదనానికి వచ్చేలా మొదట్లోనే వేరువేరు సంఖ్యలో కణాలు వేయాలి.

కొన్ని జోడీలు మాత్రం డయల్‌లా కాక స్విచ్‌లా పనిచేస్తాయి. మిర్-200 కుటుంబం జెబ్1, జెబ్2 ప్రొటీన్లను అణచివేస్తుంది. జెబ్‌లు తిరిగి మిర్-200 జన్యువులను అణచివేస్తాయి. ఒకదాని పీక మరొకటి పట్టుకున్న ఈ జంటకు రెండే నిలకడ స్థితులు. మిర్-200 గెలిస్తే ఈ-క్యాడ్‌హెరిన్ నిలిచి కణాలు ఒకదానికొకటి అంటుకుని ఉంటాయి. జెబ్ గెలిస్తే కణం పొరుగును వదిలి కదలడం మొదలుపెడుతుంది. టీజీఎఫ్-బీటా త్రాసును జెబ్ వైపు నెడుతుంది. మిర్-146ఏ దీనికి పూర్తి వ్యతిరేక స్వభావం గలది. మంటను (ఇన్‌ఫ్లమేషన్‌ను) నడిపే ఎన్ఎఫ్-కప్పా-బీ దాన్ని పుట్టిస్తుంది, అది ఎన్ఎఫ్-కప్పా-బీకి పైనున్న ట్రాఫ్6, ఐరాక్1లను తగ్గిస్తుంది. మంట ఎంతసేపు మండాలో చూసుకునే కాపలాదారు అన్నమాట.

ఇక్కడ ఒక చిన్న ఉచ్చు గురించి చెప్పాలి. మిర్-200 కుటుంబంలో మిర్-141 ఒకటి. ఫినాల్ ద్రావణంతో ఆర్‌ఎన్‌ఏ తీసి ఐసోప్రొపనాల్‌తో కిందికి దించే పద్ధతిలో, కణాలు తక్కువైతే జీసీ శాతం తక్కువగా ఉన్న కొన్ని చిన్న ఆర్‌ఎన్‌ఏలు సరిగ్గా దిగవు. వాటిలో మిర్-141 ఉంది. 2012లో ఇది బయటపడింది. ఇప్పుడు టీజీఎఫ్-బీటా ప్రయోగం ఊహించండి. మందు వేసిన బావిలో కణాల విభజన మందగించి సంఖ్య తగ్గింది. ఆర్‌ఎన్‌ఏ తీశారు. మిర్-141 పడిపోయినట్టు కనిపించింది. మీరు ఎదురుచూసిన ఫలితం సరిగ్గా అదే కాబట్టి ఎవరూ అనుమానించరు. తప్పించుకోవాలంటే ప్రతి నమూనాలో కణాలను లెక్కపెట్టి సమానంగా తీసుకోండి. లేదంటే చిన్న ఆర్‌ఎన్‌ఏల కోసమే చేసిన కాలమ్ వాడండి. కాలమ్ వాడినా ఇథనాల్ మోతాదు చూసుకోవాలి. మామూలు ఎమ్ఆర్‌ఎన్‌ఏ పద్ధతిలో కలిపే 70 శాతం ఇథనాల్‌తో 22 అక్షరాల ముక్కలు కాలమ్‌కు అంటుకోక కిందికి జారిపోతాయి. వాటిని పట్టాలంటే నీటి భాగానికి ఒకటిన్నర రెట్లు శుద్ధ ఇథనాల్ కలపాలి.

కొలిచేటప్పుడు ఇంకో లెక్క. పీటెన్ 100 నుంచి 80కి తగ్గింది, ఎమ్ఆర్‌ఎన్‌ఏ కూడా అంతే తగ్గిందనుకుందాం. ఆర్‌ఎన్‌ఏ మోతాదును సైకిళ్లలో చూపే క్యూపీసీఆర్‌లో దాని తేడా 0.32 సైకిల్. మూడు బావుల్లో ఒకే నమూనా పెడితేనే 0.2 సైకిళ్ల చెదురు మామూలుగా వస్తుంది. అంటే కణితికి చాలినంత మార్పు మీ యంత్రానికి గోలలో కలిసిపోతుంది. పిపెట్ మార్చినంత మాత్రాన ఇది తీరదు. వేర్వేరు రోజుల్లో వేసిన కణాలతో ఐదారు స్వతంత్ర ప్రయోగాలు కావాలి. ఒకే ప్లేటులోని మూడు బావుల్ని "మూడు ప్రయోగాలు" అని రాయడం మాత్రం దయచేసి మానండి.

అందుకే చాలామంది మార్పు పెద్దగా కనిపించాలని కృత్రిమ మైక్రో ఆర్‌ఎన్‌ఏని, అంటే మిమిక్‌ని, 50 లేదా 100 నానోమోలార్ పోస్తారు. పప్పులో కాలేసేది ఇక్కడే. ఆ మోతాదులో కణంలోకి చేరే మిమిక్ సహజ స్థాయికి వేల రెట్లు కావచ్చు. అది ఆర్గోనాట్‌లను ఆక్రమించి మిగతా మైక్రో ఆర్‌ఎన్‌ఏలను వెళ్లగొడుతుంది. ఎప్పుడూ లక్ష్యం కాని జన్యువులు కూడా తగ్గుతాయి, కొన్ని పెరుగుతాయి. 1, 5, 10 నానోమోలార్‌లతో వరుస కట్టి, ప్రభావం కనిపించే అతి తక్కువ మోతాదు దగ్గర ఆగండి. దాంతోపాటు వ్యతిరేక దిశలో, ఆ మైక్రో ఆర్‌ఎన్‌ఏ సహజంగా ఎక్కువున్న కణాల్లో నిరోధకం వేసి లక్ష్యం పెరుగుతుందా చూడండి. పోస్తేనే తగ్గి, తీస్తే పెరగకపోతే ఆ జోడీ సహజంగా పనిచేస్తున్నదని నేను నమ్మను. సైట్ పనిచేస్తోందా అని వెలుగుతో చూపే లూసిఫరేజ్ రిపోర్టర్‌లో సీడ్ సైట్‌లోని మూడు నాలుగు అక్షరాలు మార్చిన జత తప్పనిసరి. ఇంకా గట్టి రుజువు కావాలంటే కణంలోని అసలు జన్యువు తోకలోనే క్రిస్పర్‌తో ఆ సైట్‌ను చెరిపి, మైక్రో ఆర్‌ఎన్‌ఏ ప్రభావం మాయమవుతుందా చూడాలి. కష్టమే, కానీ దీని తర్వాత వాదన మిగలదు.

సిగ్నల్‌ను చూడడానికి ఒకే సమయంలో తీసిన బ్లాట్ (ప్రొటీన్లను గీతలుగా చూపే పరీక్ష) చాలదు. కణాలను రాత్రంతా సీరమ్ లేకుండా ఉంచి, ఈజీఎఫ్ ఇచ్చి, 0, 5, 15, 30, 60, 120 నిమిషాలకు తీయండి. స్ప్రౌటీ తగ్గిన కణాల్లో 5 నిమిషాల దగ్గర ఈఆర్‌కే శిఖరం మామూలుగానే ఉండి, 60 నిమిషాలకు కూడా దిగకుండా ఉండవచ్చు. ఒక్క 10 నిమిషాల బ్లాట్ తీసినవాడు "తేడా లేదు" అని రాసేస్తాడు. ప్లేటును నేరుగా మంచు మీద పెట్టి కడగాలి. లైసిస్ ద్రావణంలో సోడియం ఫ్లోరైడ్, ఆర్థోవనడేట్ లేకపోతే ఫాస్ఫేటులు మీ కళ్లముందే ఊడిపోతాయి. మెంబ్రేన్‌ను పాలపొడితో బ్లాక్ చేయవద్దు, పాలలోని కేసీన్ కూడా ఫాస్ఫేటులున్న ప్రొటీనే. 5 శాతం బీఎస్ఏ వాడండి. మైక్రో ఆర్‌ఎన్‌ఏ వేసిన 24 గంటలకే ప్రొటీన్ చూడటం కూడా తొందరే. ఎక్కువ కాలం బతికే ప్రొటీన్ అయితే పాత నిల్వ కరగడానికే 48 నుంచి 72 గంటలు పడుతుంది.

ఇక పొడవాటివి. 200 అక్షరాలు దాటిన నాన్‌కోడింగ్ ఆర్‌ఎన్‌ఏ అన్నిటికీ లింక్ ఆర్‌ఎన్‌ఏ (lncRNA) అని ఒకే పేరు పెట్టారు, అందులో ఒకదానికొకటి పోలిక లేనివి వేలల్లో ఉన్నాయి. నాకు వీటిలో నచ్చే ఉదాహరణ ఎన్‌కిలా. ఎన్ఎఫ్-కప్పా-బీ దాన్ని పుట్టిస్తుంది, అది తిరిగి వచ్చి ఎన్ఎఫ్-కప్పా-బీ, ఐకప్పాబీల జంటకు అతుక్కుంటుంది. ఐకప్పాబీ మీద ఫాస్ఫేట్ తగలాల్సిన చోటు దాని వెనక దాగిపోతుంది, ఐకేకే ఎంజైమ్‌కు అందదు. రొమ్ము క్యాన్సర్‌లో 2015లో చూపించారు. ఆర్‌ఎన్‌ఏ నేరుగా ఒక సిగ్నల్ ప్రొటీన్‌కు అడ్డుతెర కావడం ఇందులో స్పష్టంగా కనిపిస్తుంది. హాటెయిర్ కథ అంత సూటిగా లేదు. అది జన్యువులను మూయించే పీఆర్‌సీ2 ప్రొటీన్ బృందాన్ని జన్యువుల దగ్గరికి తోడ్కొనిపోతుందని పాఠ్యపుస్తకాలకెక్కింది. కానీ పీఆర్‌సీ2 చేతికందిన ప్రతి ఆర్‌ఎన్‌ఏనూ పట్టుకునే రకం. హాటెయిర్‌ను ఒక జన్యువు దగ్గర కట్టేస్తే పీఆర్‌సీ2 లేకున్నా ఆ జన్యువు మూగబోతుందని 2017లో తేలింది.

పీవీటీ1 అనే లింక్ ఆర్‌ఎన్‌ఏ దగ్గర పనిముట్టే జవాబును మార్చేస్తుంది. ఇది 8వ క్రోమోజోమ్‌పై, కణాల పెరుగుదలను నడిపే మిక్ జన్యువుకు పక్కింటిది. ఆర్‌ఎన్‌ఏని తగ్గిస్తే మిక్ ప్రొటీన్ తగ్గుతుందని 2014లో చూపారు, అంటే పీవీటీ1 క్యాన్సర్‌కు మిత్రుడు. 2018లో క్రిస్పర్‌తో పీవీటీ1 ప్రమోటర్‌ను మూసేస్తే మిక్ పెరిగింది, అంటే శత్రువు. రెండూ నిజమే. ప్రమోటర్, ఆ చుట్టూ ఉన్న ఎన్‌హాన్సర్ల కోసం మిక్‌తో పోటీ పడుతుంది, ఆర్‌ఎన్‌ఏతో దానికి సంబంధం లేదు. కాబట్టి లింక్ ఆర్‌ఎన్‌ఏ మీద పనిచేసేటప్పుడు డీఎన్‌ఏ ముక్కను తీసేయడం, ప్రమోటర్‌ను మూయడం, ఆర్‌ఎన్‌ఏని కోయడం అనేవి మూడు వేర్వేరు ప్రశ్నలు. ఆర్‌ఎన్‌ఏ కేంద్రకంలో ఉంటే ఎస్ఐఆర్‌ఎన్‌ఏ కంటే గ్యాప్‌మర్ అనే పొట్టి డీఎన్‌ఏ తరహా ముక్క నయం, దాని కోసం ఆర్‌ఎన్‌ఏని కోసే ఆర్‌నేజ్ హెచ్ అక్కడ ఉంటుంది. గ్యాప్‌మర్‌ను ఆర్‌ఎన్‌ఏ మొదట్లో పెడితే రాస్తుండగానే తెగి, జన్యువు చదవడమే మధ్యలో ఆగిపోవచ్చు. చివరి భాగంలో పెట్టండి. కనీసం రెండు వేర్వేరు గ్యాప్‌మర్లు ఒకే ఫలితం ఇవ్వాలి. ఆ పై, కోతకు లొంగని రూపాన్ని తిరిగి పోస్తే కణం మళ్లీ మునుపటిలా కావాలి. మలాట్1 గురించి కూడా క్యాన్సర్‌ను వ్యాపింపజేస్తుందనీ, అడ్డుకుంటుందనీ ఎలుకల్లోనే రెండు వాదాలున్నాయి.

ఇప్పుడు స్పంజీలు. "ఫలానా లింక్ ఆర్‌ఎన్‌ఏ ఫలానా మైక్రో ఆర్‌ఎన్‌ఏని పీల్చుకుని ఫలానా జన్యువును విడిపిస్తుంది" అనే మూస వాక్యం వేల వ్యాసాల్లో కనిపిస్తుంది. లెక్క వేసి చూడండి. మీ లింక్ ఆర్‌ఎన్‌ఏ కణానికి 50 ప్రతులు, ఒక్కోదానిలో రెండు సైట్లు అనుకుందాం. మొత్తం వంద సైట్లు. ఆ మైక్రో ఆర్‌ఎన్‌ఏకి మిగతా ఎమ్ఆర్‌ఎన్‌ఏలన్నిటిలో కలిపి పదివేల సైట్లున్నా, మీరు కలిపింది ఒక్క శాతం. ఎలుక కాలేయ కణాల్లో మిర్-122 మీద 2014లో కొలిచినప్పుడు లక్షకు పైగా కొత్త సైట్లు చేరితే గానీ లక్ష్యాలు కదల్లేదు. సముద్రంలో చెంబెడు నీళ్లు తోడినట్టే. కాబట్టి ముందు ప్రతుల సంఖ్యను డిజిటల్ పీసీఆర్‌తో కొలవండి, తర్వాత స్పంజి మాట ఎత్తండి.

సైట్లు నిజంగానే బోలెడున్నది ఒకటుంది: సీడీఆర్1ఏఎస్ అనే వృత్తాకార ఆర్‌ఎన్‌ఏ. మిర్-7 కోసం 70కి పైగా సైట్లు. మిర్-7 ఈజీఎఫ్ఆర్‌ను తగ్గిస్తుంది కాబట్టి ఈ వృత్తం క్యాన్సర్‌కు తోడ్పడుతుందని కథ అల్లుకుంది. కానీ ఆ వృత్తాన్ని తీసేసిన ఎలుకల మెదడులో స్పంజి సిద్ధాంతం ప్రకారం స్వేచ్ఛ దొరకాల్సిన మిర్-7 మట్టం పడిపోయింది. 2020లో పెద్దపేగు కణితుల్ని కోసి రంగువేసి చూస్తే ఈ వృత్తం క్యాన్సర్ కణాల్లో కాదు, చుట్టూ ఉన్న ఆధార కణజాలంలో ఉంది. కణితి ముక్కను మొత్తం రుబ్బి కొలిస్తే ఈ తేడా ఎన్నటికీ కనబడదు. వృత్తం అన్నదాన్ని నిర్ధారించాలంటే వెనక్కి తిరిగి అతుక్కున్న జంక్షన్ మీదుగా, ఒకదానికొకటి వీపు తిప్పిన ప్రైమర్లు వాడి, ఆర్‌నేజ్ ఆర్‌తో సరళ ఆర్‌ఎన్‌ఏలను కరిగించిన తర్వాత కూడా మిగిలిందని చూపాలి.

కణాలు బయటికి వదిలే చిన్న సంచులైన ఎక్సోజోములతో సిగ్నల్ పంపడం గురించీ ఇదే లెక్క. 2014లో ప్రతులు లెక్కపెడితే, బాగా ఎక్కువున్న మైక్రో ఆర్‌ఎన్‌ఏలకు కూడా సగటున వందకు పైగా ఎక్సోజోములకు ఒక్క ప్రతి వచ్చింది. ఒక కణాన్ని కదిలించాలంటే ఎన్ని ఎక్సోజోములు దానిలోకి చేరాలో మీరే లెక్క వేసుకోండి.

రక్తంలో వీటిని కొలిచేవారికి ఎర్రకణాలే పెద్ద తలనొప్పి. అవి పగిలితే మిర్-16, మిర్-451ఏ ప్లాస్మాలోకి వరదలా వస్తాయి. మిర్-23ఏ సైకిల్ సంఖ్య నుంచి మిర్-451ఏ సంఖ్యను తీసేయండి. తేడా 7 దాటితే ఆ నమూనాను పక్కన పెట్టేయండి. 414 నానోమీటర్ల దగ్గర శోషణ 0.2 దాటినా అంతే. హెపారిన్ ట్యూబుల్లో తీసిన రక్తం పీసీఆర్‌ను అడ్డుకుంటుంది, ఈడీటీఏ వాడాలి. మిర్-16ను ప్రామాణికంగా పెట్టుకునే అలవాటు మరీ ప్రమాదం. దీర్ఘకాలిక లింఫోసైటిక్ లుకేమియాలో 13వ క్రోమోజోమ్‌పై తెగిపోయే ముక్కలోనే మిర్-15ఏ, మిర్-16 ఉన్నాయని 2002లోనే బయటపడింది, వాటి లక్ష్యం కణం చావును ఆపే బీసీఎల్2.

ఎవరి వ్యాసంలోంచో ప్రైమర్ వరుసను కాపీ చేసి ఆర్డర్ పెట్టే ముందు ఒక్కసారి వరుసల్ని జీనోమ్‌తో పోల్చే బ్లాస్ట్‌లో వేయండి. ఈ రంగంలో అచ్చయిన వరుసలు చెప్పిన జన్యువుకు కాక మరోదానికి సరిపోవడం, అసలు మనిషి జీనోమ్‌లో దేనికీ సరిపోకపోవడం రెండూ ఉన్నవే. "ఏ జన్యువుకూ తగలకూడని" కంట్రోల్ ఎస్ఐఆర్‌ఎన్‌ఏ వరుసనూ అలాగే వేయండి. దానికి నిజమైన లక్ష్యం ఒకటి దొరికితే మీ బ్లాట్‌లో కంట్రోల్ గీత కూడా నమ్మదగినది కాదు.